పగకు ఒత్వమిస్తే

తాడేపల్లిగూడెం నుంచి పెంటపాడు వెళ్ళే రోడ్డు మీద తిరిగే బళ్ళన్నిటికీ వెనకాల ఏదో ఒక రాత ఉంటుంది. తలరాత ఎవడికీ కనపడదు గానీ, బండి వెనకరాత వెనకొచ్చేవాడికల్లా కనపడుతుంది. అయినా దాన్నెవరూ పట్టించుకోరు. ఆ గురువారం పొద్దున్న మాత్రం, సత్యానందం షెడ్డుకి ఎదురుగా టీకొట్టు పెట్టుకున్న నాగరత్నం, మరుగుతున్న పాలల్లో గరిటె అలాగే వదిలేసి, అప్పుడే వచ్చి ఆగిన చేపల ట్రక్కు వెనక తలుపు మీదున్నదాన్ని కూడబలుక్కుని పైకి చదివింది.

"ఈ పొగ బిగింపు సత్యానందం గారిది."

'పొగ' అన్న మాట పక్కనే పెయింటరు ఓ చిన్న నల్లమబ్బు బొమ్మ కూడా వేశాడు, చదువు రానివాళ్ళకి అన్యాయం జరక్కూడదని. బెంచీ మీద టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు దించారు. నవ్వు బెంచీ ఈ కొసన పుట్టి ఆ కొసదాకా పాకింది.

షెడ్డులో జీపు కింద వెల్లకిలా పడుకుని ఉన్న సత్యానందానికి ముందు తన పేరు వినపడింది, తరవాత నవ్వు వినపడింది. ఈ రెండూ ఈ వరసలో వినపడటం ఆయనకి కొత్త. ఎందుకంటే ఆయన పేరు చెబితే ఆ రోడ్డు మీద నట్లు వణుకుతాయని ప్రతీతి. స్పానరుకి మూరెడు ఇనపగొట్టం తొడిగి, గోడకి కాలు తన్నిపెట్టి, నట్టు కుయ్యిమనేదాకా లాగితే గానీ ఆయనకి పని చేసినట్టుండదు. ఇంట్లో ఊరగాయ సీసా మూత మొదలుకుని చర్చి గంట బోల్టు దాకా ఆయన బిగించినవే. ఆవకాయ తియ్యాలంటే ఆయన భార్య కృపమ్మ, మొగుడు ఇంటికొచ్చేదాకా కూర్చోవాల్సిందే. అలా వచ్చింది ఆ 'బిగింపు'. బిరుదనుకుంటే బిరుదు, ఇంటిపేరనుకుంటే ఇంటిపేరు.

అలా నట్టు నమ్ముకుని బతికేవాణ్ణి ఆ నట్టే నట్టేట ముంచింది.

ట్రక్కు కనకరాజుది. ఊరు మండవల్లి. కొల్లేటి పక్క చెరువుల్లో పట్టిన చేపల్ని ఐసుపెట్టెల్లో సర్దుకుని తెల్లారేసరికి గూడెం మార్కెట్టులో దింపుతాడు. ఆ బండికి ఇంజను సీటు కిందే ఉంటుంది. ఇంజను లోపల కాలిన పొగని సైలెన్సరు దాకా మోసే ఇనపగొట్టాల గుత్తిని మానిఫోల్డు అంటారు. అది ఇంజనుకి ఆనుకునే చోట, మధ్యలో పల్చటి రేకులాంటి గ్యాస్కెట్టు ఒకటి పెడతారు. గ్యాసుని కట్టేది గనక గ్యాస్కెట్టు అని సత్యానందం చెప్పే అర్థం. కనకరాజు బండిలో మాత్రం అది దేన్నీ కట్టడం లేదు. మార్చిన కొత్తలో బాగానే ఉంటుంది. వారం తిరక్కుండా టప్ టప్ టప్ అని పెనం మీద పేలాలు వేయించినట్టు చప్పుడు మొదలవుతుంది. ఆ వెనకే సీటు కిందనుంచి పొగ. కనకరాజు కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ తెస్తాడు. సత్యానందం మళ్ళీ కొత్తది వేసి, కిందటిసారి కంటే ఇంకాస్త గట్టిగా బిగిస్తాడు. మానిఫోల్డు మొహం వంకరపోయిందేమోనని ఏలూరు లేతు మిషనుకి పంపి చదును చేయించాడు. గ్యాస్కెట్టుకి అటూ ఇటూ ఎర్ర పేస్టు, రొట్టెకి జాము పూసినట్టు దట్టంగా పూశాడు. మూరెడు గొట్టం కాస్తా బారెడు గొట్టమైంది. అయినా లీకు లీకే. లీకు మొదలైతే లోకువ మొదలైనట్టే.

జీపు కిందనుంచి బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ రోడ్డు దాటి, సత్యానందం ఆ రాతని మొదటినుంచి చివరిదాకా చదివాడు. కనకరాజు తువ్వాలు భుజాన వేసుకుని పక్కన వినయంగా నిలబడ్డాడు.

"ఏవండీ సత్యానందంగారూ, అక్షరదోషాలేమన్నా ఉన్నాయేమో చూడండి."

"ఏంటిది కనకరాజుగారూ?"

"అబద్ధమైతే చెప్పండి, ఇప్పుడే చెరిపించేస్తాను. 'గారు' కూడా పెట్టించానండి. మర్యాద తప్పలేదు."

ఆ వైపు తిట్టుకి 'అండీ' తగిలించడమంటే దెబ్బకి ఉప్పు తగిలించడమే. ఎదటివాడు 'ఒరేయ్' అంటే చొక్కా పట్టుకోవచ్చు. 'అండీ' అనేవాణ్ణి ఎక్కడ పట్టుకోవాలి? సత్యానందం చేతులు తుడుచుకున్న గుడ్డని మెలితిప్పాడు. కనకరాజు ఇంకా వినయంగా, వేరే షెడ్లకి కూడా వెళ్ళి అడిగానని చెప్పాడు. సత్యానందం బిగించింది విప్పడం మావల్ల కాదని అందరూ చేతులెత్తేశారట. ఎవరు పెట్టిన పొగ వాళ్ళే తియ్యాలన్నారట. అంచేత బండి ఇక్కడే వదిలేస్తున్నాననీ, రెండురోజులు చేపల సంగతి తమ్ముడి బండి చూసుకుంటుందనీ, తను పెంటపాడులో చెల్లెలింట్లో ఉండి శనివారం పొద్దున్న వస్తాననీ చెప్పి, బండిని షెడ్డులో పెట్టి పోయాడు. పెట్టడంలో కూడా ఓ పద్ధతి పాటించాడు. బండి మొహం షెడ్డులోకి, రాత రోడ్డుకి.

ఆ రోజంతా రోడ్డు చదువుకుంది. బడిపిల్లలు సాగదీసి చదివారు. ఆటోవాళ్ళు హారను కొట్టి మరీ చదివారు. ఉంగుటూరునుంచి కారు తెచ్చినాయన షెడ్డు ముందు ఆపి, తలుపు తీసి, ఒక కాలు కింద పెట్టి, రాత చూసి, ఆ కాలు మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. ఇంజను ఆపనుకూడా ఆపలేదు. సత్యానందం చూస్తుండగానే కారు ముందుకెళ్ళి మలుపు తిరిగింది. అప్పుడాయన ఓ గోనెపట్టా తెచ్చి రాతమీద కప్పాడు. గాలికి అది కాసేపు 'ఈ పొగ' అని, కాసేపు 'సత్యానందం గారిది' అని విడివిడిగా చూపించడం మొదలుపెట్టింది.

"గోనె కప్పితే పొగ ఆగుద్దా అన్నయ్యా," అంది నాగరత్నం టీ అందిస్తూ. పాపం ఆమె జాలిపడే అంది. ఆ జాలి ఆయనకి నవ్వుకంటే ఎక్కువ మండింది. టీ సగంలో వదిలేశాడు.

ఇంటికెళ్ళేసరికి సంగతి ఆయనకంటే ముందే చేరిపోయింది. ఇంజనుకైతే సైలెన్సరుంది గానీ ఊరి నోటికి సైలెన్సరు ఎక్కడుంది? కృపమ్మతో కూరగాయల దగ్గర ఎవరో, మీ ఆయన పేరు బండిమీద ఎక్కిందటగా, ఇంక ఎన్నికల్లో నిలబడటమే తరువాయి అన్నారట. ఆమె అన్నం వడ్డిస్తూ, మొన్న ఆదివారం పాస్టరుగారు పగ తీర్చుకోవడం మనుషుల పని కాదు, పైవాడి పని అని చెప్పిన సంగతి గుర్తుచేసింది. సత్యానందం ముద్ద కలుపుతూ, పైవాడికి బోలెడు పెద్ద పనులున్నాయనీ, ఇది పదమూడో నెంబరు స్పానరుతో అయిపోయే చిన్న పనేననీ అన్నాడు. ఆమె ఆవకాయ సీసా ఆయన ముందు పెట్టింది. మూత తియ్యడానికి పట్టుకున్నవాడు అది కనకరాజు మెడ అయినట్టు తిప్పాడు. సీసా పగిలింది.

ఎర్రటి నూనెలో గాజుపెంకులు చూస్తూ కూర్చున్నాడు. పగలగొట్టిన చేతికి పగ కాస్త స్పష్టంగా కనపడింది. పగకీ పొగకీ ఎంత తేడా? ఒక్క ఒత్వం. పగకి ఒత్వమిస్తే పొగ. ఆ ఒత్వం తనే ఇస్తాడు. ఇన్నాళ్ళూ పొగ రాకూడదని బిగించాడు కదా, ఈసారి రావాలని బిగిస్తాడు. కాదు, బిగించడు. అసలు బిగించకుండా వదిలేస్తే? శనివారం బండి తీసుకెళ్తాడు. ఉంగుటూరు దాటేసరికి వదులు నట్ల సందులోంచి పొగ తన్నుకొచ్చి, సీటు కిందనుంచి లేచి, కనకరాజు ముక్కులోకీ కళ్ళలోకీ దూరుతుంది. కనకరాజు కళ్ళు కణకణలాడాలి. హైవే పక్కన బండి ఆపి, నడిరోడ్డుమీద దగ్గుకుంటూ, 'అండీ' అనడానికి కూడా ఊపిరాడక నిలబడాలి. రాయించుకున్నాడుగా ఈ పొగ సత్యానందందని. అబద్ధమెందుకవ్వాలి?

ఆ పూట ఆయనకి అన్నం బాగా సయించింది.

శుక్రవారం పొద్దున్నే షెడ్డుకొచ్చి, బండి సీటు ఎత్తి పని మొదలుపెట్టాడు. కిందటిసారి తనే బిగించిన నట్లు విప్పడానికి బారెడు గొట్టం కావాల్సొచ్చింది. ఒక్కొక్క నట్టూ చంటిపిల్ల చెవి కుట్టించుకున్నట్టు ఏడ్చి ఊడింది. మానిఫోల్డు లాగితే పాత గ్యాస్కెట్టు అప్పడంలా నలిగి, అంచులు పిండయి కనపడింది. పేస్టు మాడి బొగ్గయి పెళుసుగా రాలింది. పగ ప్రకారమైతే ఆ మసి అలాగే వదిలెయ్యాలి. కానీ చేతులకి పగ తెలియదు. వాటికి తెలిసింది గీకుడే. ఆయన మనసులో కనకరాజు దగ్గుని రకరకాలుగా ఊహించుకుంటూ ఉండగానే, ఆ చేతులు బ్లేడు తీసుకుని రెండు మొహాలూ అద్దంలా గీకేశాయి, గుడ్డ పెట్టి తుడిచేశాయి. స్టీలు స్కేలు ఆనించి, వంకరుంటే సందులోంచి వెలుతురు వస్తుందేమోనని కూడా చూశాయి. ఎక్కడా వెలుతురు రాలేదు. ఏలూరు లేతువాడు పని బాగానే చేశాడు. చూశాక గానీ తనేం చేస్తున్నాడో ఆయనకి తెలియలేదు. పోనీలే, అసలు సంగతి బిగింపులో కదా ఉంది అనుకున్నాడు.

కొత్త గ్యాస్కెట్టు పెట్టాడు. ఎర్ర పేస్టు గొట్టం చేతిలోకి తీసుకుని, చూసి, మళ్ళీ అరలో పెట్టేశాడు. ఈ మనిషికి పేస్టు కూడా దండగ. నట్లు వేళ్ళతో తిప్పి ఎక్కించాడు. ఎప్పుడూ ఆ చివరినుంచి మొదలుపెట్టి ఈ చివరికి వరసగా బిగించుకుంటూ వచ్చే మనిషి, ఈసారి వరసెందుకులెమ్మని మధ్యలోది ముందు పట్టుకుని, అటొకటి ఇటొకటి తిప్పుకుంటూ పోయాడు. ఇనపగొట్టం గోడకి ఆనుకుని ఎదురుచూస్తోంది. దాన్ని ముట్టుకోలేదు. పొట్టి స్పానరు తీసుకుని, ఉత్త మణికట్టుతో, చంటాడి చొక్కాకి గుండీ పెట్టినంత మెత్తగా తిప్పి, నట్టు కాస్త ఆగగానే ఆపేశాడు. ఆపడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. భుజం ఇంకా లాగు, ఇంకా లాగు అని పోరింది. ఒక్క నట్టు కూడా కుయ్యిమనలేదు. ఆ నిశ్శబ్దం వింటుంటే, పాపం చేస్తున్నప్పుడు ఉండే తీపి ఏదో గొంతులోకి దిగింది.

బండి స్టార్ట్ చేసి చూస్తే చప్పుడు లేదు. వేడెక్కితేగా, అనుకుని నవ్వుకున్నాడు. సీటు దించి, పైన చెయ్యి తట్టి, గోనెపట్టా తీసేశాడు. ఊరంతా చదువుకోనీ అనుకున్నాడు. రేపటికి నిజమయ్యే రాతకి ముసుగెందుకు?

శనివారం పొద్దున్న కనకరాజు పెంటపాడునుంచి ఆటోలో దిగాడు. ఒక్కడే దిగితే ఈ కథ ఇక్కడ ఆగిపోయేది. వెనకాలే వాళ్ళమ్మ పాపాయమ్మ కూడా చేతిసంచీతో దిగింది. కూతురింట్లో ఉండి వస్తోందట. ఉబ్బసం. దారిలో ఏలూరులో ఛాతీ డాక్టరుకి చూపించి మండవల్లి తీసుకెళ్ళాలి. ఆటో దిగి షెడ్డు దాకా నడవడానికే ఆమె రెండుచోట్ల ఆగింది. ఆగినప్పుడల్లా గుండెల్లోంచి పిల్లిపిల్ల అరిచినట్టు సన్నటి కూత.

"బాగున్నారా సత్యానందం బాబూ," అంది ఊపిరి కూడదీసుకుని. ఈమె పోయినేడు వానాకాలంలో కొడుకు బండిలో ఆయనకి కొరమేను పంపించిన మనిషి. మెకానిక్కుల ఒంట్లో వేడి ఉంటుంది, పులుసు పెట్టుకోమని కబురు కూడా పంపింది.

ఆమె ట్రక్కు ఎక్కి, ఇంజను సీటుమీద, అంటే సరిగ్గా ఆ వదులు నట్లకి పైన, సంచీ ఒళ్ళో పెట్టుకుని సర్దుకుని కూర్చుంది.

సత్యానందం సీటు కిందికి చూశాడు. తను పొగపెట్టింది కనకరాజు ముక్కుకి. పొగకి ముక్కులు గుర్తుపట్టడం రాదన్న సంగతి పగలో తట్టలేదు. నట్లు బిగించలేదు, కాస్త ఆగండి అని చెప్పేద్దామని నోరు తెరిచాడు. బెంచీ మీద నలుగురు ఇటే చూస్తున్నారు. నాగరత్నం గరిటె ఆపింది. ఆ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"నేనూ వస్తానండి. ట్రయలు చూడాలి."

"గ్యారంటీతోపాటు గార్డుని కూడా ఇస్తున్నారాండి," అన్నాడు కనకరాజు. బెంచీ నవ్వింది. సత్యానందం పదమూడో నెంబరు స్పానరు జేబులో వేసుకుని, ముసలామెకీ కనకరాజుకీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు.

బండి కదిలిన దగ్గర్నుంచీ ఆయన మనిషి కాదు, ముక్కు. ప్రతి గతుక్కీ పీల్చాడు. సీటు కింద చెవి ఆనించి విన్నాడు. కిటికీ అద్దం దించమన్నాడు. గాలికి ఆయాసం వస్తుందని పాపాయమ్మ ఎత్తమంది. ఆయన దించాడు, ఆమె ఎత్తింది. చివరికి తన తువ్వాలు తడిపి, ముక్కుకి అడ్డం పెట్టుకోమని ఆమెకిచ్చాడు. చేపలబండి కదమ్మా, నీచువాసన అన్నాడు. పుట్టినప్పటినుంచీ కొల్లేటి గట్టుమీద బతికినదాన్ని, నాకు నీచేమిటి బాబూ అని ఆమె నవ్వింది. నవ్వు కాస్తా దగ్గయింది. ఆ దగ్గు వినగానే సత్యానందం చెయ్యి జేబులో స్పానరుమీదికి పోయింది. పీల్చాడు. చేపలు, ఐసు, కనకరాజు తలకి రాసుకున్న నూనె. పొగ లేదు.

ఉంగుటూరు దాటింది. ఇక్కడే కదా కనకరాజు దగ్గుతూ బండి ఆపాల్సింది. కనకరాజు కూనిరాగం తీస్తున్నాడు. టప్ లేదు, టుప్ లేదు. ఇంజను పాలు తాగిన పిల్లిలా గురగురమంటోంది. సత్యానందానికి ఓ పక్క ప్రాణం కుదుటపడుతోంది, ఇంకో పక్క ప్రాణం పోతోంది. పొగ రాకూడదు, ముసలామె ఉంది. పొగ రాకపోతే ఎలా, కనకరాజు ఉన్నాడు.

ఇంతలో పాపాయమ్మ అంది, "మా కనకం నోరు మంచిది కాదు బాబూ. మనసు మాత్రం మంచిది. మీరంటే ఎంత గౌరవమో. బండి వెనకాల పెద్ద పెద్ద అక్షరాలతో మీ పేరు రాయించాడంట గదా. నాకు చదువు రాదు. ఏం రాయించావురా అంటే, మెకానిక్కు గారి పేరమ్మా అన్నాడు. నేనెంత సంతోషపడ్డానో. మా చిన్నమ్మాయికి కూడా చెప్పాను, మెకానిక్కు గారి పేరు రాయించాడని."

బండిలో ఒక్కసారిగా దగ్గు వినపడింది. ఈసారి ముసలామె కాదు. పొగ లేకుండానే కనకరాజు దగ్గాడు. ఎంతకీ ఆగలేదు. చూపు రోడ్డు మీదినుంచి తిప్పలేదు గానీ, చెవి తమ్మెలు మాత్రం ఎర్రబడ్డాయి.

సత్యానందం ఒక్క మాట అంటే చాలు. ఏం రాయించాడో చెప్పేస్తే ఆ పగ అక్కడికక్కడే తీరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె తడితువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, కళ్ళతో నవ్వుతూ ఆయన వైపే చూస్తోంది. "అవునమ్మా," అన్నాడు. "పెద్ద అక్షరాలే."

ఏలూరులో ఆసుపత్రి ముందు బండి ఆపి, కనకరాజు తల్లిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. వాళ్ళు మెట్లెక్కగానే సత్యానందం సీటు ఎత్తాడు. వేడి మొహాన కొట్టింది. మానిఫోల్డు నిప్పులా కాగుతోంది. వంగి, జాయింటు చుట్టూ తెల్లకాయితం ముక్క తిప్పాడు. లీకుంటే మసి అంటుకోవాలి. కాయితం తెల్లగానే వచ్చింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ తెలుపు. ఆ తెలుపు చూస్తూ అలాగే వంగి ఉండిపోయాడు.

ఇనుము వేడికి పెరుగుతుంది, చల్లారితే తగ్గుతుంది. ఈ సంగతి ఆయనకి తెలియనిది కాదు. కానీ పెరిగే ఇనుముకి కదలడానికి కాస్త చోటుండాలి. మొహాన్ని మొహానికేసి గొట్టంతో నొక్కేస్తే అది ఎటు పోతుంది? కక్కలేక, మింగలేక, గ్యాస్కెట్టుని నలుపుకుని, నట్టుని సాగదీసి, సందు చేసుకుని బయటపడుతుంది. ఇన్నాళ్ళూ తను బిగించడం లేదు, పిసుకుతున్నాడు. లీకు వచ్చినందుకు బిగించాడా, బిగించినందుకు లీకు వచ్చిందా? కోపంతో వదిలేసిన వదులే దానికి సరైన బిగువు. చెడగొడదామని చేసిన పనొక్కటే బాగుపడింది. బాగుచేద్దామని చేసినవన్నీ చెడ్డాయి.

అప్పుడు, ఆ వేడిలో, చల్లగా ఓ ఆలోచన వచ్చింది. పగ తీరే దారి ఇంకా మూసుకుపోలేదు. జేబులో స్పానరు ఉంది. సీటు వెనక జాకీ తిప్పే గొట్టం ఉంది. స్పానరుకి సరిగ్గా సరిపోతుంది. తొడిగి, ఎప్పటిలాగే, మనసుపెట్టి, నిజాయితీగా, కుయ్యిమనేదాకా లాగితే చాలు. వారం తిరక్కుండా పొగ. ఎవడూ వేలెత్తి చూపలేడు. సత్యానందం తన పని తను చేశాడంటారు. ఇంతకంటే నికార్సయిన పగ లోకంలో ఉంటుందా?

గొట్టం తొడిగాడు. నట్టుకి తగిలించాడు. భుజం సంతోషంగా సిద్ధమైంది.

సీటు రెక్సిన్ మీద పాపాయమ్మ కూర్చున్న చోట చిన్న గుంట ఇంకా లేవలేదు. డ్యాష్‌బోర్డు మీద ఆయన తువ్వాలు మడతపెట్టి ఉంది, ఎవరి వస్తువు వాళ్ళకి అందేట్టు, అంచులు కలిపి. ఆయన దాన్ని చూశాడు, నట్టుని చూశాడు. గొట్టం ఊడదీసి ఉన్నచోట పెట్టేశాడు. సీటు దించాడు. జీవితంలో బిగించకుండా వదిలేసిన మొదటి నట్టు అది, శుక్రవారంవి లెక్కలోకి రావు.

వాళ్ళు తిరిగొచ్చాక, మండవల్లి దాకా రానక్కర్లేదు, ట్రయలు అయిపోయిందని చెప్పి, ఆయన ఏలూరు బస్టాండులో గూడెం బస్సెక్కాడు. కనకరాజు ఏదో అనబోయి, తల్లి వైపు చూసి, ఉత్తినే చేతులు జోడించాడు. వెటకారం ఉందేమోనని సత్యానందం వెతికాడు. కనపడలేదు.

తరవాతి వారమంతా ఆయన చెవులు రోడ్డుకి అప్పగించి పనిచేశాడు. పొద్దున్నే చేపలబళ్ళు వెళ్ళేటప్పుడు ప్రతి టప్ కోసం విన్నాడు. ఆ చప్పుడు రాలేదు. కనకరాజూ రాలేదు. ఆవకాయ కొత్త సీసాలో పెట్టిన కృపమ్మ, మూత దానంతటదే వచ్చేస్తోంది, మీకు ఒంట్లో బాగానే ఉందా అని నుదురు పట్టుకు చూసింది.

ఆ వారం శుక్రవారం పొద్దున్న చేపలట్రక్కు షెడ్డు ముందుకొచ్చింది. వచ్చినట్టే వచ్చి, వెనక్కి తిరిగి, తలుపు టీకొట్టు వైపు పెట్టి ఆగింది. బెంచీ మీద గ్లాసులు దిగాయి. నాగరత్నం గరిటె వదిలేసి, కళ్ళు చిట్లించి, కూడబలుక్కుని చదివింది.

"ఈ పొగ... డ్త... ఈ పొగడ్త బిగింపు సత్యానందం గారిది."

నల్లమబ్బు బొమ్మ లేదు. దాని చోట్లో తెల్లరంగు పూసి, సరిగ్గా పట్టేట్టు 'డ్త' రాశారు. కనకరాజు దిగి, తువ్వాలు చేతిలోకి తీసుకుని, ఏలూరులో సాయికృష్ణ పెయింటరుతో మొత్తం చెరిపెయ్యమంటే, అంతా ఎందుకండీ, మబ్బు తీసేస్తే చాలు, మిగతాది పనికొస్తుందన్నాడని చెప్పాడు. అమ్మకి చదువు రాకపోయినా అమ్మ చెప్పింది అబద్ధం కాకూడదు కదండీ అని, ఆ మాట మాత్రం ఎవరికీ వినపడకుండా అన్నాడు. తరవాత అందరికీ వినపడేట్టు అడిగాడు.

"బండి బ్రహ్మాండంగా ఉందండి. పిసరంత పొగ కూడా లేదు. ఈసారి ఏం చేశారండి? ఎంత గట్టిగా బిగించారేంటి?"

సత్యానందం బెంచీని చూశాడు. నాగరత్నాన్ని చూశాడు. గోడకి ఆనుకుని ఉన్న బారెడు గొట్టాన్ని చూశాడు. నిజం చెప్పేద్దామనిపించింది. చెప్పేశాడు.

"బిగించలేదండి. వదిలేశాను."

కనకరాజు తల దించుకున్నాడు.

"నేనన్ని మాటలన్నా మనసులో పెట్టుకోకుండా వదిలేశారు," అన్నాడు. "మీది పెద్దమనసండి."

"అది కాదు కనకరాజుగారూ, నట్లు—"

"ఇంకేం చెప్పకండి," అని ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. బెంచీ మీద ఒకాయన, వదిలెయ్యడంలోనే ఉందండీ అసలు బిగింపు అన్నాడు. మిగతావాళ్ళు తలలూపారు. నాగరత్నం అందరికంటే ముందు ఆయనకే టీ ఇచ్చింది. ఈసారి అందులో జాలి లేదు. తాగడం ఇంకా కష్టమైంది.

ట్రక్కు స్టార్టయి, గేరు మారి, మార్కెట్టు వైపు సాగిపోయింది. పచ్చటి అక్షరాలు దూరమవుతూ కూడా చదవడానికి వీలుగానే ఉన్నాయి. ఇక నుంచి అవి గూడెంలో, ఏలూరులో, కొల్లేటి గట్లమీద, వెనకొచ్చే ప్రతివాడి కళ్ళముందూ రోజూ తిరుగుతాయి. సత్యానందం రోడ్డు మధ్యలో నిలబడి, అది మలుపు తిరిగేదాకా చూశాడు.

పొగ ఎక్కడా లేదు. కళ్ళు మాత్రం మండుతున్నాయి.